ఎదురొచ్చిన తెరచాప

అరవైల మొదట్లో మాట. మార్గశిరంలో ఒక పొద్దున మా అమ్మ ఉన్నట్టుండి "రత్నాన్ని చూసొద్దాం పదరా" అంది. నాకు కాఫీ పొలమారింది. రత్నం మా పిన్ని, అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. కిరస్తానీ అబ్బాయిని ఇష్టపడి చేసుకుందని మా ఇంట్లో ఆమె పేరెత్తడమే మానేశారు. అమ్మమ్మ పోయినప్పుడు కూడా కబురు పెట్టలేదు. అదే అమ్మని లోపల తొలిచేస్తోంది. బాబాయి శ్రీహరికోట దీవిలో సరుగుడు తోపులు కొట్టించే కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా అని ఈమధ్యే ఎవరో చెప్పారు.

"అక్కని గదా, తప్పయిందని చెప్పలేను. ఇంటికి రావే అంటాను, అంతే" అంది అమ్మ.

నెల్లూరులో ఆరు గంటల ప్యాసింజరు ఎక్కాం. మొలగొలుకుల బియ్యం మూట నా నెత్తిన, కొత్త చీరా కుంకుమ భరిణె అమ్మ సంచిలో. గూడూరులో బండి చాలాసేపు ఆగింది. అక్కడి కాఫీ వేడిగా ఉంది, అంతకుమించి దాన్ని పొగడలేను. ఎదుటి బెంచీ మీద తమలపాకుల గంపతో కూర్చున్న పెద్దావిడ మూట చూసి "ఎవురికమ్మా?" అనడిగింది. చెల్లెలికని చెప్పాను. "అక్కంటే ఇట్టా ఉండాల!" అంది ఆవిడ. అమ్మ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

సూళ్ళూరుపేటలో దిగేసరికి తొమ్మిది దాటింది. ఒంటెద్దు బండిలో దీవికి అడ్డంగా ఉన్న సరస్సు ఒడ్డుకు చేరి కోటయ్య అనే అతని పడవ మాట్లాడుకున్నాం. గాలి ఎదురుకొడుతోంది. తెరచాప చుట్టేసి, గెడ వేసుకుంటూ పోవాల్సిందే. "తిరిగొచ్చేటప్పుడు చూడండయ్యా, తెర ఎత్తితే గెడతో పనే ఉండదు" అన్నాడు కోటయ్య. నీళ్ళు నడుం లోతు కూడా లేవు. దూరంగా రాజహంసలు బారులు తీరి మేస్తున్నాయి. నాకు చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు గానీ అమ్మకి అవేమీ పట్టలేదు. "భరిణె అయితే తెచ్చినా. బొట్టు పెట్టించుకుంటదంటావా?" అని ఒకటే నస. పెరుగన్నం పొట్లం విప్పినా రెండు ముద్దలు కూడా తినలేదు.

సగం దూరం పోయాక ఎదురుగా తెర నిండా గాలితో ఒక పడవ వచ్చింది. చూస్తుండగానే మొహాలు తెలిసేంత దగ్గరైంది. ముందు కూర్చున్న ఆడమనిషి గబుక్కున లేచి నిలబడింది.

"అక్కా!"

పిన్నే. అమ్మ రెండు చేతులూ పైకెత్తింది, మాట మాత్రం పెగల్లేదు. నేను "ఎక్కడికి..." అని అరవబోయాను. అమ్మ చటుక్కున నా నోరు మూసేసింది.

"మతి ఉందా నీకు? బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడుగుతారా?"

ఆ కాస్తలోనే వాళ్ళ పడవ మమ్మల్ని దాటిపోయింది. పిన్ని చెయ్యి ఊపుతూనే ఉంది. తెరచాప అవతల ఏం సామానుందో మాకు కనిపించలేదు.

"తిప్పేదా అమ్మా?" అన్నాడు కోటయ్య.

"వద్దు నాయనా, వెనకనించి పిలవకూడదు. సంతకో ఆస్పత్రికో పోతుంటది. సాయంత్రానికి రాదా ఏంది? ఇంటికాడ కూర్చుందాం." అమ్మ మొహం వెలిగిపోతోంది. "అక్కా అనింది, విన్నావా? కోపం లేదురా దానికి!"

దీవిలో దిగి, ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ, దారి అడుగుతూ పిన్ని ఇల్లు పట్టుకున్నాం. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఊడ్చిన నేల, చల్లారిన పొయ్యి తప్ప ఏమీ లేవు. పక్కింటి ముసలావిడ పరుగున వచ్చింది.

"అయ్యో, కాపురం ఎత్తేసినారు గదమ్మా! ఈడ కొట్టుడు పని అయిపోయె. కాంట్రాక్టరు మనుషులు అందురూ పోయినారు. వీళ్ళకి యాడో పని దొరికిందంట, రైలుకి టైమైందని ఉరుకులు పరుగుల మీద పోయినారు."

"ఏ ఊరు?" అంది అమ్మ.

ముసలావిడ అమ్మని వింతగా చూసింది. "గడప దాటే మనిషిని ఎక్కడికని ఎట్టా అడుగుతాం తల్లీ?"

అమ్మ అక్కడే కూలబడింది. బియ్యం ముసలావిడకే ఇచ్చేసి వెనక్కి తిరిగాం. కోటయ్య చెప్పినట్టే తెర ఎత్తగానే పడవ జారిపోయింది. అంత హాయిగా సాగిన పడవ నేను మళ్ళీ ఎక్కలేదు, అంత ఏడుపుగొట్టు ప్రయాణమూ మళ్ళీ చెయ్యలేదు. స్టేషనుకు పోయేసరికి మద్రాసు బండీ, నెల్లూరు వైపు బండీ రెండూ వెళ్ళిపోయాయి. పిన్ని ఏది ఎక్కిందో చెప్పేవాళ్ళు లేరు. తర్వాత ఎన్ని ఊళ్ళలో వాకబు చేసినా జాడ తెలియలేదు.

ఆ సాయంత్రం బండి ఎక్కాం. గూడూరు దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికని అడక్కూడదు, సరే. ఇంటికి రావే అనొచ్చు గదరా. దానికేం శకునం అడ్డం? అదెందుకు రాలేదురా నా నోటికి?"

నేను నెల్లూరు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.