మార్టినుగారి సగం

మొన్న జ్వరం మాత్రల కోసం పటమటలో మందుల షాపుకి వెళ్తే, కౌంటరు వెనక మనిషి కత్తెర తీసి షీటు మధ్యలో పెట్టి, "సగం చాలాండీ?" అన్నాడు. మొత్తం ఇచ్చెయ్యమన్నాను. నాలుగు మాత్రలు చాలని నాకూ తెలుసు. కానీ మాత్రల దగ్గర సగం అనే మాట వింటే మా మేనత్త గుర్తొస్తుంది, ఆవిడ గుర్తొస్తే నీరసం వస్తుంది. జ్వరం వల్ల కూడా అయ్యుండొచ్చు.

అత్త సింగ్‌నగర్‌లో మేడమీది పోర్షన్‌లో ఉంటుంది. ఇంటర్ నుంచీ ఆవిడ దగ్గరే ఉండి చదువుకున్నాను. చదువుకున్నాననేది మర్యాద కోసం వాడుతున్న మాట. హాల్లో పునీత మార్టినుగారి పటం ఉండేది. గుర్రం మీది సైనికుడొకాయన, చలికి వణికే బిచ్చగాడి కోసం తన పైవస్త్రాన్ని కత్తితో రెండుగా కోస్తున్న బొమ్మ. తర్వాత ఆ సగాన్నే కప్పుకుని క్రీస్తు ప్రభువు ఆయనకి కలలో కనిపించాడట. అందరూ ఆ కథ విని దణ్ణం పెట్టుకుని ఊరుకుంటారు. అత్త ఊరుకోలేదు. ఏటా నవంబరులో ఆయన పండక్కి కొత్త రగ్గు కొని, కోసి, అంచులు కుట్టి, సగం చర్చి మెట్ల మీద ఎవరికో కప్పి, మిగతా సగం ఇంటికి తెచ్చేది. అంచేత మా ఇంట్లో పడుకునేవాళ్ళు తల కప్పుకోవాలా, కాళ్ళు కప్పుకోవాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మొత్తం రగ్గు ఇచ్చేస్తే పుణ్యం ఎక్కువ, కుట్టుపని తక్కువ కదా అని ఒకసారి అడిగాను. "మొత్తం ఇచ్చేస్తే ఇంకోటి కొనుక్కుని వాణ్ణి మర్చిపోతానురా. సగమే ఉందనుకో, నా కాళ్ళకి చలేసినప్పుడల్లా గుర్తొస్తాడు" అంది. ఆ లెక్కన నా కాళ్ళకి జిల్లాలో సగం మంది గుర్తుండాలి.

ఇంత దయగల మనిషీ కింది పోర్షన్ పెద్దాయనతో పన్నెండేళ్ళు మాట్లాడలేదు. ఆయనది మైలవరం, భార్య పోయాక ఒంటరి. తగువల్లా నీళ్ళ మోటారు ఎవరు ఎప్పుడు వెయ్యాలన్నదే. బుడమేరు వాగు పొంగి కింది పోర్షన్ కిటికీల దాకా మునిగినప్పుడు ఆయన ఓ సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. సంచీలో పొలం పాస్‌బుక్ ఉంది, బీపీ మాత్రలు లేవు. అత్త ఆయనకి రెండడుగుల దూరంలో నిలబడి, "అన్నయ్యగారిని లోపలికి రమ్మనరా" అని నాతో చెప్పింది. ఫర్వాలేదని చెప్పమని ఆయనా నాతోనే చెప్పాడు. నీళ్ళ కోసం పన్నెండేళ్ళు కొట్టుకున్న ఇద్దరి చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా నీళ్ళే. ఆ మాట పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇద్దరికీ డాక్టరు ఒక్కరే, మాత్ర కూడా ఒక్కటే. అత్త దగ్గర నాలుగున్నాయి. మధ్యలో గీత ఉన్న మాత్రలు. మార్టినుగారి భక్తురాలికి అంతకంటే ఏం కావాలి? పొద్దున్న గీత దగ్గర విరిచి, ఒక సగం ఆయనకివ్వమని నా చేతికిచ్చింది. సాయంత్రం ఆయన తల పట్టుకుని కూర్చుంటే ఇంకో సగం ఇచ్చి పంపింది. ఇది నీది కాదా అన్నాను. తనకి పాత షీటు ఇంకోటి దొరికిందంది. నమ్మాను. నమ్మడం సులువు కాబట్టి నమ్మాను. నాలుగు రోజులు రెండు పూటలా ఆ సగాలు మోసింది నేనే. హెలికాప్టర్ మేడమీద జారవిడిచిన పులిహోర పొట్లాలు మాత్రం పూర్తిగా తిన్నాను.

ఐదోనాడు పొద్దున్న అత్త చేతిలోంచి గ్లాసు జారింది. మూతి ఒక పక్కకి పోయింది. పాత షీటు ఏదని అడిగితే తల అడ్డంగా ఊపింది. సగమే కదా నీ నియమం అని అరిచాను. "ఆయనకి సగం సరిపోలేదురా" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. పెద్దాయన పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి, అప్పుడే మొదటిసారి మా వీధిలోకి వచ్చిన పడవవాళ్ళని కేకేశాడు. ఆ వయసులో అంత గొంతు ఉంటుందని నేననుకోలేదు. పడవలో అత్త తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నా వైపు చూడకుండా, నేరుగా ఆవిడతోనే, "నాకు చెప్తే మింగేవాణ్ణా చెల్లెమ్మా?" అన్నాడు.

"అందుకే చెప్పలేదు."

బతికింది. మాట తిరిగొచ్చింది, ఎడం చెయ్యి మాత్రం రాలేదు. నిజం చెప్పాలంటే ఈ కథ తలుచుకుంటే నాకు భక్తి కలగదు, ఆ పాత షీటు ఒకసారి చూపించమని అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది. ఆయన రోజూ ఎనిమిదింటికి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వస్తాడు. ఆవిడ మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చుంటాడు, నోరు తెరిచి చూపించమంటాడు. తర్వాత ఇద్దరూ కూరగాయల ధరల గురించి గంటసేపు మాట్లాడుకుంటారు. మోటారు సంగతి ఎవరూ ఎత్తరు. ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరికి పలకరించుకోవడానికి పన్నెండేళ్ళు చాలలేదు, వాళ్ళని మాట్లాడించిన ఆ పడవేమో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది.