పటేలు ఆఖరి మాట

మా క్రైస్తవ సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, జరిగేది. ముందురోజు శనివారం వికారాబాదులో మా వీధంతా సందడిగా ఉండేది. ఎవరితో మాటపట్టింపు ఉన్నా వాళ్ల గడప తొక్కి సమాధానపడి రావాలి. లేకపోతే ఆదివారం రొట్టె ముట్టకూడదు. కోడి మీద నెలనెలా పోట్లాడుకునే వదినా మరదళ్లు నెలనెలా సమాధానపడేవాళ్లు.

“క్షమించిన తియ్. గని నీ కోడి మళ్లొస్తే కూరొండుత,” అని వదినె.

“వండు. నాకో గిన్నె పంపు,” అని మరదలు.

ఆ వీధిని తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఆ నవ్వులే వినపడతాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మిషన్ బడిలో పంతులమ్మను. పోలీసు చర్య నాటి సాయుధ పోరాటం మీద నవల రాస్తున్నాను. ఆ పోరాటం రోజుల్లో నేను చిన్నపిల్లను, తుపాకీ చప్పుడు కూడా విన్నదాన్ని కాదు. అక్కడా ఇక్కడా విన్నవి కలిపి, ఊరిని పీడించిన పటేలును దళం చంపే ఘట్టం రాశాను. నా పటేలు కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు, బూతులు తిడతాడు, చస్తాడు. ఆ ఇంట్లో మరో మనిషి ఉన్నట్టే రాయలేదు.

గుడి బెంచీలు బాగుచేసే వడ్రంగి అన్నకు దాన్ని మొదట చదివి వినిపించాను. ఆయన నల్లగొండ దిక్కునుంచి వచ్చినవాడు. దళంలో తిరిగాడని అందరికీ తెలుసు. బాప్తిస్మం తీసుకుని ఏడెనిమిదేళ్లయినా బల్ల దగ్గరికి మాత్రం ఎన్నడూ వచ్చేవాడు కాదు. విన్నాక రంపం పళ్లను వేలితో తడిమాడు.

“మంచిగనే రాసినవ్ టీచరమ్మా. గని ఇంట్ల పటేలు పెండ్లాం లేదా?”

“కథకు ఆమెతో పనిలేదన్నా.”

“మాకు అన్నం పెట్టింది ఆమెనే. ఎవరమో తెల్వక పెట్టింది. తిని, చేతులు కడుక్కొని, ఆయనను తోలుకపోయినం.”

ఆమె ఇప్పుడు తాండూరులో తమ్ముడి ఇంట్లో ఉంటోందట. క్షమాపణ అడగాలని తాండూరుకు టికెట్టు కొని బయల్దేరినవాడు, ధైర్యం చాలక వికారాబాదులోనే దిగిపోయాడట. అట్లా మా ఊరివాడయ్యాడు.

“నువ్వు తోడొస్తే గీ శనివారం పోత,” అన్నాడు. “ఆమె కాదంటే బతికినన్నాళ్లు బల్ల ముట్ట.”

పొద్దుటి బండికి పోయాం. నాపరాళ్లు పరిచిన అరుగు మీద ఆమె చాటలో కందులు చెరుగుతోంది. అన్న, పటేలు ఊరి పేరు చెప్పి, తానెవరో చెప్పి నిలబడ్డాడు. చాట ఆగింది.

“గిప్పుడు ఎందుకొచ్చినవ్?”

“క్షమించుమని అడగనీకి, అమ్మా. నువ్వు సరేనంటెనే మా గుళ్ల రొట్టె తినొచ్చు.”

“నీ రొట్టె సంగతి తర్వాత. ఆయన ఆఖరికి ఏమన్నడు? ఇన్నేండ్లాయె, ఎవ్వరు చెప్పలే.”

అన్న చాట వైపు చూస్తూ చెప్పాడు. “‘దానికి ఇప్పుడే చెప్పకుండ్రి. ఇంకా తినలే. చెప్తే అన్నం ముట్టది’ అన్నడు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నిజమే. అప్పటికి తినలే,” అంది. “మంచోడేం గాదు. మనుషులను కట్టేసి కొట్టించిండు, నేను చూసిన. గని నన్ను తలుసుకున్నడా?”

“తలుసుకున్నడు, అమ్మా.”

“నీ మీద కోపం నాకు పోదు. గని నువ్వు తినే కాడ నా అడ్డం లేదు. పో.” తర్వాత నావైపు తిరిగింది. “నువ్వెవరు బిడ్డా?”

ఆ రోజుల కథ రాస్తున్నానని సిగ్గుపడుతూ చెప్పాను.

“రాస్తే ఆయన కొట్టించినోళ్లను గూడ రాయి. ఆయనొక్కణ్ణే రాయకు.”

పటేలు చనిపోయే ఆ ఒక్క అధ్యాయాన్ని మళ్లీ రాయడానికి వానాకాలమంతా పట్టింది. క్షమాపణ మీద అప్పటికి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. కోపం పోకుండానే దారి వదలడం కూడా దేవుడు చేయించే పనేనని ఆ అరుగు దగ్గరే తెలుసుకున్నాను.

తాండూరు వెళ్లొచ్చిన మరునాడు, ఆదివారం, గుడిలో అన్న ముందుకు నడిచాడు. మోకరించి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు గానీ ఎంతకూ మింగలేకపోయాడు. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని ఆగారు. వెనక మేమంతా ఆగాం.