ట్యాంకరు కింది నీడ

మా పక్క స్థలంలో కొత్త ఇల్లు కడుతున్నారు. నిన్న పిల్లర్లకు గోనెసంచులు చుట్టి నీళ్ళు పోశారు. మధ్యాహ్నం కిటికీ తీయగానే, వేడెక్కిన సిమెంటు వాసనతో కలిసి ఆ తడి గోనె వాసన గుప్పున ముఖానికి తగిలింది. కిటికీ రెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమైంది, గట్ల సూస్తున్నరు?" అని మా ఆవిడ అడిగింది. ఆ వాసన నన్ను గల్ఫ్‌లోని అజైబాకు లాక్కుపోయింది. డెబ్బైల్లో నేను నీళ్ళ ట్యాంకరు నడిపిన రోడ్డు సైట్ అక్కడే. నన్ను ఇప్పుడున్న మనిషిగా చేసిన ఫోర్‌మన్ మస్తాన్ భాయ్‌ని చూసిందీ అక్కడే.

మస్తాన్ భాయ్‌ది కడప. మనిషి నిలువెత్తు. గొంతెత్తితే మిక్సరు చప్పుడు కూడా అణిగిపోయేది. సైట్‌లో ఎక్కువమంది మా జగిత్యాల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఆయన వస్తున్నాడంటే చేతిలో బీడీ ఇసుకలో గుచ్చేసి పార పట్టుకునేవాళ్ళు. నాకు లైసెన్సు ఉండటంతో ట్యాంకరు ఇచ్చారు. వచ్చిన కొత్తలో గేరు కరకరమనిపించానని పదిమందిలో ఆయన తిట్టిన తిట్లు విని, ఈ మనిషి కింద పనిచేయడం నా వల్ల కాదనుకున్నాను.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున నా ట్యాంకరు కింద ఇసుకలో బోర్లా పడుకుని కనిపించాడు. తల, భుజాలు లోపల, కాళ్ళు బయట. మొదట ఏదో జరిగిందనుకున్నాను. పరుగెత్తుకెళ్తే లోపలి నుంచి ఆయన గొంతే వినిపించింది. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు. "రామ్మా, రా తల్లీ, నేనేం సేయను గదా" అని బతిమాలుతున్నాడు. ట్యాంకరు వెనక కుళాయి ఎప్పుడూ కారుతుండేది. దాని కింద ఇసుక ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండేది. ఆ తడిలో, వెనక చక్రానికి ఆనుకుని, అరచేతిలో పట్టేంత పిల్లికూన. తల్లి ఏమైందో ఎవరికీ తెలియదు.

దాన్ని బయటికి తీసేసరికి నోరు తెరిచి కుక్కలాగ రొప్పుతోంది. కళ్ళు మూసుకుపోతున్నాయి. నేను తొందరలో ఐసు వేసిన నీళ్ళ డబ్బా ఎత్తి దాని మీద వంచబోయాను. ఆయన నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒద్దప్పా! అంత సల్లటి నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే అదురుకుంటాది. మామూలు నీళ్ళు తే."

తన తలగుడ్డ తడిపి, పిండి, దాని పాదాలు, చెవులు, పొట్ట నెమ్మదిగా తుడిచాడు. వేలు తడిపి పెదవులకు రాశాడు. నోట్లో పోయలేదు. మేమందరం పని ఆపి చుట్టూ నిలబడ్డాం. తిడతాడేమో అని ఒకరినొకరు చూసుకుంటున్నాం. ఆయనకు మా ధ్యాసే లేదు. చాలాసేపటికి అది నోరు మూసి, నాలుకతో ఆయన వేలిని నాకింది. అప్పుడు తలెత్తి మమ్మల్ని చూసి, "ఏంది, సినిమానా? పొండి!" అని అరిచాడు. ఆ అరుపు విని ఆరోజు మొదటిసారి నాకు నవ్వొచ్చింది.

పిల్లిని రూమ్‌లో పెట్టుకోవడానికి వీల్లేదు. మా రూములన్నీ రేకులవి. పగలు లోపల ఉంటే అది ఉడికిపోయేది. అందుకని తూము పైపులు పేర్చిన చోట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ ఉండే మూల చూసి, ఒక చెక్కపెట్టె పక్కకు తిప్పి పెట్టాడు. కాంక్రీటు మీద కప్పే గోనెసంచి ఒకటి తడిపి పైన వేసి, గాలి ఆడటానికి రెండు వైపులా వదిలేశాడు. నీళ్ళకు నేను రేకు డబ్బా తెస్తే విసిరికొట్టాడు. "ఇది ఎండకు కాగుతాది. నువ్వు తాగుతావా కాగిన నీళ్ళు?" అని, పగిలిన కూజా అడుగుభాగం తెచ్చి పెట్టాడు. ట్యాంకరు నాది కాబట్టి గోనె తడపడం, నీళ్ళు మార్చడం నా డ్యూటీ అయింది.

కానీ ఆ కూన ఎక్కువసేపు పెట్టెలో ఉండేది కాదు. కొంచెం బలం రాగానే మళ్ళీ ట్యాంకరు కిందికి వచ్చేది. దాంతో మస్తాన్ భాయ్ ఒక పద్ధతి పెట్టాడు. ఏ డ్రైవరైనా బండి ఎక్కేముందు బానెట్ మీద చరచాలి, వంగి కింద చూడాలి, ఆ తర్వాతే తాళంచెవి. రోలరుకైనా, టిప్పరుకైనా అంతే. పిల్లి కోసం పెద్ద పెద్ద బండ్లు ఆపుతున్నాడని డ్రైవర్లు వెనక నవ్వుకునేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన ముందు మాత్రం వంగేవాణ్ణి.

ఆ ఎండాకాలం ముదిరిన కొద్దీ సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కూడా పొయ్యి మూత తీసినట్టు ఉండేది. మధ్యాహ్నం తిండి తినడానికి నీడ లేదు. పరదా వేయించండని మస్తాన్ భాయ్ కంపెనీ మేనేజరును అడగడం నేనే విన్నాను. మేమంతా ఆయన్ని ముదీర్ అనేవాళ్ళం. "చూద్దాం" అన్నాడు ముదీర్. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఒక మధ్యాహ్నం తిండి అయ్యాక నీళ్ళు తేవడానికి బయలుదేరాను. పెట్టె దగ్గరికి వెళ్ళి గోనె తడిపి వచ్చాను. కూన లోపల ముడుచుకుని నిద్రపోతోంది. నా కళ్ళతో చూశాను. అందుకే నేరుగా వచ్చి ట్యాంకరు ఎక్కి, తాళంచెవి పెట్టాను. దూరంగా తూము మీద నిలబడ్డ మస్తాన్ భాయ్ చేయెత్తి అరిచాడు.

"గంగారామూ! కింద సూసినావా?"

"పిల్లి పెట్టెల్నే ఉన్నది భాయ్. ఇప్పుడే సూసిన."

"ఉంటే ఉండనీ. దిగి సూడు."

విసుక్కుంటూ దిగాను. ఎండలో కాగిన బానెట్ మీద చరిస్తే అరచేయి చురుక్కుమంది. వంగి చూశాను.

కింద మనిషి ఉన్నాడు.

మా మెట్‌పల్లి లింగన్న. కుళాయి కింది తడి ఇసుకలో వెల్లకిలా పడుకుని, తల వెనక చక్రానికి ఆనించి ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. "భాయ్!" అని అరిచాను. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాను. ఎవరు పరుగెత్తారో, ఎవరు లాగారో నాకు సరిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా మస్తాన్ భాయ్ వాడి చొక్కా చింపి, తలగుడ్డ తడిపి మెడ, చంకలు, పాదాలు తుడవడం. నేను ట్యాంకరు కుళాయి విప్పి దోసిళ్ళతో నీళ్ళు అందిస్తున్నాను. ఒకరు రేకుముక్కతో విసురుతున్నారు. చాలాసేపటికి లింగన్న కళ్ళు విప్పాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూసి, భయపడి, లేవబోతూ అడిగాడు:

"ఏందన్నా, డ్యూటీ టైం అయిందా?"

 మస్తాన్ భాయ్ లేచి నాలుగడుగులు వేసి, ఇసుకలో కూలబడ్డాడు. బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీయబోతే పుల్ల పడిపోయింది. మళ్ళీ గీశాడు, మళ్ళీ పడిపోయింది. నేను గీసి ఇచ్చాను.  ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూడలేకపోయాం.

బీడీ అయ్యాక ఆయన లేచాడు. స్టోరు తలుపు తీయించి, సిమెంటు మీద కప్పడానికి తెచ్చిన పెద్ద టార్పాలిన్ బయటికి లాగించాడు. సెంట్రింగు కర్రలు పాతించాడు. ఆ మధ్యాహ్నం సైట్‌లో ఒక్క పని జరగలేదు. పరదా మాత్రం లేచింది. లింగన్నను దాని కింద పడుకోబెట్టారు. సాయంత్రం జీపు దిగిన ముదీర్ అది చూసి ఎర్రబడ్డాడు.

"ఎవరి ఆర్డరు మీద చేశావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నా ఆర్డరు సాబ్" అన్నాడు మస్తాన్ భాయ్.

రేపే దీన్ని పీకించమని ముదీర్ అన్నాడు. పీకించనని ఈయన అన్నాడు. అంతే. గొడవలేదు, అరుపుల్లేవు. అంత అరిచే మనిషి ఆరోజు అంత నెమ్మదిగా మాట్లాడటం చూసి మాకు చెమటలు పట్టాయి. ఆ వారంలోనే ఆయన్ని ఇంటికి పంపించేస్తున్నారని తెలిసింది. ఒక మనిషి ప్రాణం నిలబెట్టినందుకు పంపిస్తారా అని మేము తెల్లబోయాం. 

సీబ్ విమానాశ్రయానికి కంపెనీ బండిలో నేనే తీసుకెళ్ళాను. తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

"ఒక్క మాట తగ్గితే అయిపోతుండె గదా భాయ్" అన్నాను.

"తగ్గొచ్చు. కానీ ఆ పరదా నా చేత్తోనే పీకాల్సొస్తాది. అది నా వల్ల గాదప్పా."

బండి ఆపాక, అన్ని రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగాను. "ఆ పొద్దు కింద మనిషి ఉన్నడని మీకెట్ల తెలిసింది?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నాకేం తెలుసు? తెలిసుంటే కేకలేసుకుంటా పరిగెత్తి రానూ? తెలీదు కాబట్టే సూడమంటి" అన్నాడు. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన్ని చూడలేదు. కడప నుంచి వచ్చినవాళ్ళు ఎవరు కలిసినా అడుగుతుండేవాణ్ణి, ఆచూకీ దొరకలేదు.

ఆ టార్పాలిన్‌ను ముదీర్ పీకించలేదు. ఎందుకో మాకు చెప్పలేదు. తర్వాత వచ్చిన ఫోర్‌మన్ కూడా దాని జోలికి పోలేదు. కూన పెద్దదై, మేము అన్నం తినేటప్పుడు దాని కింద మా మధ్య తిరిగేది. నేను ఊరికి వచ్చాక రెండు లారీలు కొన్నాను, డ్రైవర్లను పెట్టుకున్నాను. "నాకు తెలుసు సేఠ్, ఎవరూ లేరు" అని వాళ్ళు అన్నప్పుడల్లా నా వీపు జలదరించేది. ఆ మాటే కదా నేనూ అన్నది. ఆ రోజు నుంచి ఏ విషయంలోనైనా నాకు తెలుసు అనబోతే, మాట గొంతులోనే ఆగిపోతుంది.

లింగన్న ఇప్పుడు మెట్‌పల్లిలో ఉన్నాడు. మనవలున్నారు. ఆ మధ్యాహ్నం సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు వాడు పగలబడి నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడు ఏ గోడ నీడనో నోరు తెరుచుకుని కునుకు తీస్తుంటే, నేను వాకిట్లోనే ఆగిపోతాను. "లింగన్నా" అని పిలుస్తాను. వాడు "ఆఁ" అనేదాకా నాకు ఊపిరాడదు.