తిరిగొచ్చిన పాలు

మా ఆయన చలిజ్వరంతో పోయేనాటికి నా కూతురు మూడు నెలల పిల్ల. దినాలైన వారానికి నాకు పాలు తగ్గిపోయాయి. పిల్ల చప్పరించి, చప్పరించి, వదిలేసి ఏడ్చేది. ఆ రోజుల్లో నేను తిన్నదీ లేదు, కన్ను మూసిందీ లేదు. కొండ మీది పోడు సేద్యం ఒక్కదాన్నే ఎలా చేసుకోగలను, మరుదులు ఉండనిస్తారా, పొమ్మంటారా, ఇదే దిగులు.

పక్కింట్లో నాకంటే చిన్నది ఒకామె ఉండేది. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేది. ఆమెకూ చంటిపిల్లాడు. ఒకరోజు నేను కట్టెలకు వెళ్ళి వచ్చేసరికి నా పిల్ల ఆమె ఒళ్ళో పాలు తాగి నిద్రపోతోంది.

"ఏడుత్తంటే సూడనేక ఇచ్చినాను అప్పా" అంది.

పిల్ల కడుపు నిండినందుకు సంతోషించాలి కదా. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఊట దగ్గర నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు అడిగారు.

"ఏటే, నీ గుంట అలాగ పీక్కుపోనాది?"

"పాలు నేవు."

"నేకపోడమేటి? ఎవులైనా లాగీసినారేటి?"

పాలిచ్చే తల్లి ఇంకో తల్లి పాలు లాగేసుకోగలదని మా కొండల్లో నమ్మేవాళ్ళం. ఆమె నా పిల్లకు పాలివ్వక ముందే నాకు పాలు తగ్గాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "నిన్న నా గుంటకి మా పక్కింటిదే పాలిచ్చింది" అన్నాను. అంతే అన్నాను. అబద్ధం కాదు. మిగిలింది వాళ్ళే అనుకుంటారని తెలిసే అన్నాను.

సాయంత్రానికి పెద్దలు కూర్చున్నారు. జబ్బులు చూసే దిసారి తీర్పు చెప్పాడు. తీసిన పాలు తిరిగి ఇవ్వాలన్నాడు. మూడు రోజులు ఆమె తన పాలు ఆకుదొన్నెలోకి పిండి తెచ్చి, అందరూ చూస్తుండగా నా గడపలో పోయాలి. ఆమె ఎదురు చెప్పలేదు. వచ్చి, వంగి, పోసింది. మూడో రోజు దొన్నెలో అడుగు కూడా సరిగ్గా తడవలేదు.

"ఇంకా పిండి తేవే మా తల్లీ, గేదెలాగ ఉన్నావు, ఇంతేనేటి?" అని వెనక ఎవరో నవ్వారు. పక్కింట్లో ఆమె పిల్లాడు ఆకలికి గుక్కపెట్టాడు. నేను గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నాను.

నాకు పాలు రాలేదు.

తరవాత సూదులు వేసే నర్సమ్మ వచ్చింది. ఏం తింటున్నావు, నిద్రపోతున్నావా, నీకేం భయం అని అడిగింది. అంతవరకూ ఎవరూ అడగలేదు. మరుదుల సంగతి చెప్పి భోరుమన్నాను.

"నీ పాలు ఎవరూ లాగలేదమ్మా. దిగులుకి దిగడం లేదు. వేళకి తిను. పిల్లకి రొమ్మివ్వడం మానకు" అంది. మా అత్తను కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పింది.

అత్త అప్పటికప్పుడు చోడి అంబలి కలిపి ఇచ్చింది. "పోడు నీదేనే. ఎవుడొత్తాడో రానీ, నాను సూత్తాను" అంది. ఆ పగలు నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. అయిదో రోజుకు రవిక తడిసింది.

ఊరంతా ఒకటే మాట. "సూసినారా? తీసింది తిరిగిచ్చీసింది!"

నర్సమ్మ మాట అప్పుడే చెప్పాల్సింది. చెబితే నన్నేమంటారో అని నోరు మెదపలేదు. ఆ తరవాత పక్కింటామెను ఎవరూ పురిటింటికి పిలవలేదు. ఆమె దారిలో ఎదురైతే తల్లులు పిల్లల మీద కొంగు కప్పేవాళ్ళు. నేనూ కప్పాను.

నా కూతురు హాస్టల్లో చదివే రోజుల్లో, కాఫీ పళ్ళ కోతలో ఆ పక్కింటామే నేనూ ఒకే వరసలో పడ్డాం. "నా పాలు నువ్వు లాగనేదు. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకు సెప్తావేటి అప్పా? నాకు తెలీదేటి? ఆలకి సెప్పు."

మా ఊరి ఆడవాళ్ళు పక్క వరసలోనే ఉన్నారు, ఏదో నవ్వుకుంటున్నారు. పిలిస్తే వినబడేంత దూరం. బుట్ట నిండేదాకా కోశాను. పిలవలేదు.

నాకు అక్షరాలు సరిగ్గా రావు. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది ఆ కూతురే. ఇక్కడికొచ్చి కలం ఆపేసింది.

"ముందు ఊళ్ళో సెప్పీసి రా అమ్మా. ఆవిడ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది కదా."

"నువ్వు రాయి" అన్నాను.