శుక్రవారం దాకా ఆగమన్నారు

డెనీస్ ఆక్‌రాయిడ్ యార్క్‌షైర్‌లోని ఒక మిల్లుల ఊళ్లో, నేరస్తులను కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ శాఖలో చేరి అప్పటికి ఇరవై మూడేళ్లు. జైలుకు పంపేంత నేరం కాదని కోర్టు విడిచిపెట్టినవాళ్లు, జైలు నుంచి వచ్చాక కొన్నాళ్లు ఒకరి కనుసన్నల్లో ఉండాల్సినవాళ్లు ఆమె దగ్గరకు వచ్చేవారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని తాగుతున్నారా, పనికి పోతున్నారా, ఎవరితో ఉంటున్నారు అని అడగాలి. ఏం చెప్పారన్నది కాదు, చెప్పేటప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో చూడమని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది.

నాలుగేళ్ల కిందట ప్రభుత్వం ఆ శాఖను రెండుగా చీల్చింది. బాగా ప్రమాదకరమైనవాళ్లను తన దగ్గర ఉంచుకుని మిగిలినవాళ్లను ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పింది. వాళ్లతోపాటు డెనీస్‌ను కూడా. ఆ సంగతి ఆమెకు ఉత్తరం ద్వారా తెలిసింది.

కంపెనీ వచ్చిన ఏడాదికే పాత ఆఫీసు ఖాళీ చేయించారు. బస్ స్టేషన్ పక్కన ఒక మేడ మీద పెద్ద హాలు తీసుకుని, నడుము ఎత్తు అడ్డుపలకలు పెట్టి, వాటి మధ్య రెండేసి కుర్చీలు వేశారు. ఒకడు తన తాగుడు గురించి చెప్పుకుంటుంటే అడ్డుపలకకు అవతలివాడికి మాట మాటా వినిపించేది. మనుషుల్ని తగ్గించారు, కేసులు పెంచారు. డెనీస్ నెత్తిన ఎనభై ఏడుగురు పడ్డారు. అంతమందిని చూడటం ఎలాగూ కుదరదు కాబట్టి సగంమందిని ఆరు వారాలకోసారి ఫోన్‌లో పలకరిస్తే చాలన్నారు. అవతలివాడు ఫోన్ ఎత్తితే కంప్యూటర్‌లో అతని పేరు పక్కన పచ్చరంగు వస్తుంది. ఎత్తకపోతే ఎరుపు. పైవాళ్లు చూసేది ఆ రంగులే.

గ్యారీ స్టబ్స్ పేరు ఎప్పుడూ పచ్చగానే ఉండేది. ఇళ్ల కప్పులు వేసే పని అతనిది, నలభై ఒక్కేళ్లు. రెండేళ్ల కిందట తనతో ఉంటున్న ఆడమనిషి దవడ విరగ్గొట్టాడు. ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నానని చెప్పేవాడు. మర్యాదగా మాట్లాడేవాడు, మొదటి రింగుకే ఫోన్ ఎత్తేవాడు.

ఆగస్టులో అలా మాట్లాడుతుండగా అతని వెనక ఎవరో దగ్గారు. ఆడగొంతు. మరుక్షణం అతను చేత్తో ఫోన్ మూసినట్టు శబ్దం ఆగిపోయింది. మళ్లీ లైన్లోకి వచ్చి, "టీవీ" అన్నాడు.

ఆ దగ్గు డెనీస్‌ను వదల్లేదు. అతని ఇంటికి వెళ్లి చూసొస్తానని పైవాళ్లకు రాసింది. ఇంటికెళ్లాలంటే ఇద్దరు కలిసి వెళ్లాలి, అనుమతి కావాలి, అది కంపెనీ నియమం. ప్రస్తుతం మనుషులు లేరని జవాబు వచ్చింది. సెప్టెంబర్‌లో మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు. అతను కాక ఇంకా ఎనభై ఆరుగురు ఉన్నారు, వాళ్ల పనిలో పడి కొట్టుకుపోయింది. స్నానం చేస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడ్డప్పుడో హఠాత్తుగా ఆ దగ్గు గుర్తొచ్చేది.

అక్టోబర్‌లో తనిఖీ అన్నారు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు బుధవారం వస్తారట. సోమవారం పొద్దున మేనేజర్ నీల్ హెబ్డెన్ హాలు మధ్యలో నిలబడి, అందరూ ఫైళ్లు సరిచూసుకోవాలని చెప్పాడు. నీల్‌కు ముప్పై నాలుగేళ్లు. డెనీస్ దగ్గరే పని నేర్చుకున్నాడు. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచి ఉన్నాయి.

"బెంగపడాల్సిందేం లేదు. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం," అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తే మనల్నే బోనెక్కిస్తారు కదా, నీల్," అంది పక్క కుర్చీలోంచి షబ్నమ్. డెనీస్ తరువాత అంత అనుభవం ఉన్నది ఆమెకే. "పోనీ వాళ్లకు నా ఫోన్ నంబర్ ఇవ్వు. ఆరు వారాలకోసారి నన్ను తనిఖీ చేస్తే చాలు."

అందరూ నవ్వారు. నీల్ నవ్వలేదు.

కాసేపటికి డెనీస్‌ను వంటగదిలోకి పిలిచాడు. ఆ ఆఫీసులో తలుపు మూసుకునే గది అదొక్కటే. కెటిల్ ఆన్ చేశాడు కానీ కప్పులు తియ్యలేదు.

"వాళ్లు చూడబోయే ఫైళ్ల జాబితా వచ్చింది. మీవి నాలుగున్నాయి. అందులో గ్యారీ స్టబ్స్ ఒకటి."

డెనీస్ వెళ్లి తలుపు మూసింది.

"ఆగస్టులో అతని ప్రమాద స్థాయి మళ్లీ అంచనా వేయాలి కదా. ఫైల్లో అది లేదు," అన్నాడు నీల్. "వేసే ఉంటారు. రాయడం మర్చిపోయారంతే, అవునా?"

"వెయ్యలేదు నీల్. మనిషిని ఎదురుగా చూసి ఆర్నెల్లయింది. చూడకుండా ఏం అంచనా వేస్తాను?"

"ఫోన్‌లో మాట్లాడారుగా. దాన్నిబట్టి ఓ నాలుగు లైన్లు..."

"ఆగస్టు తేదీ వేసి రాయమంటావా?"

అతను కెటిల్ ఆపేశాడు. "నేనా మాట అనలేదు," అన్నాడు.

డెనీస్ భోజనం వేళ కోటు వేసుకుని గ్యారీ ఇంటికి బయల్దేరింది. ఎవరికీ చెప్పలేదు. అనుమతి లేదు, తోడు లేదు. ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ చేయని పని. గ్యారీ ఆ వేళ పనిలో ఉంటాడని ఆమెకు తెలుసు. వీధి మొదట్లో కారు ఆపి, వెనక్కి తిరిగి వెళ్లిపోదామా అని రెండుసార్లు అనుకుంది. సన్నగా వాన పడుతోంది. తలుపు తట్టింది.

తీసింది ఒక ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి, నర్సింగ్ హోమ్‌లో ఆయాలు వేసుకునే నీలం గౌను. ఎడం చెయ్యి పొట్టకు ఆనించి పట్టుకుంది.

"గ్యారీ లేడమ్మా. పనికెళ్లాడు."

"ఫర్వాలేదు. నా పేరు డెనీస్. మీరూ?"

"మరియన్. మేమిద్దరం... జూన్ నుంచి ఇక్కడే ఉంటున్నాం." చెప్పి ఒకసారి దగ్గింది. ఆగస్టులో ఫోన్‌లో విన్న దగ్గే. "ఎక్కణ్ణుంచి వచ్చారు? మునిసిపల్ కౌన్సిల్ నుంచా?"

ఆ ఇంటి మగవాడి నేరం సంగతి అతని అనుమతి లేకుండా గుమ్మంలో నిలబడి చెప్పే అధికారం డెనీస్‌కు లేదు. చెప్పాల్సిన పద్ధతి ఒకటుంది. పోలీసులకు తెలియజేస్తే వాళ్లు విచారించి, ఆమెను విడిగా కలిసి చెబుతారు.

"గ్యారీకి నేను తెలుసు," అంది డెనీస్. "చేతికేమైంది మరియన్?"

"బాత్రూంలో జారిపడ్డాను." మరియన్ కళ్లు వీధిలోకి, డెనీస్ కారు వైపు, మళ్లీ వీధిలోకి వెళ్లాయి. "మీరొచ్చినట్టు అతనికి చెప్పాలా?"

ఎవరో వచ్చి వెళ్లారని చెప్పాలా వద్దా అని అడుగుతున్న మనిషి ఆ ఇంట్లో ఎలా బతుకుతోందో డెనీస్‌కు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"అవసరం లేదు. నేనే మాట్లాడతాను," అంది.

ఆఫీసుకొచ్చి తడికోటుతోనే నీల్ దగ్గరకు వెళ్లింది. మళ్లీ వంటగది. చెప్పిందంతా విని అతను కుర్చీలో కూలబడ్డాడు.

"ఒంటరిగా వెళ్లారా? చెప్పకుండా?"

"వెళ్లాను. దాని సంగతి తరువాత చూసుకో. ముందు పోలీసులకు కబురు పంపాలి. నువ్వు సంతకం చెయ్యి."

నీల్ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "డెనీస్, ఒక్కమాట వినండి. ఇవాళ పంపితే ఆ తేదీ ఫైల్లో పడుతుంది. ఎల్లుండి ఇన్‌స్పెక్టర్లు చూస్తారు. జూన్ నుంచి అక్కడో ఆడమనిషి ఉంటే మనకు తెలియలేదంటారు. పైవాళ్లు నన్ను బతకనివ్వరు. ఈ ఆఫీసే ఎత్తేస్తామని ఇప్పటికే బెదిరిస్తున్నారు. గురువారం సాయంత్రం వాళ్లు వెళ్లిపోతారు. శుక్రవారం పొద్దున్నే నా చేత్తో నేను పంపుతాను. నాలుగు రోజులు. అంతే."

"నాలుగు రోజుల్లో ఏదన్నా జరిగితే?"

"నాలుగు నెలలుగా ఉంటోంది కదా."

అనేసి అతనే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే నమ్మలేనట్టు చూశాడు.

డెనీస్ తన సీట్లోకొచ్చి కూర్చుంది. ఫోన్ ఎదురుగానే ఉంది. చెయ్యి పోలేదు. అనుమతి లేకుండా ఇంటికి వెళ్లింది, ఇప్పుడు సంతకం లేకుండా కబురు పంపితే రెండో తప్పు. ఉద్యోగం ఊడితే యాభై ఏడేళ్ల మనిషిని ఎవరు తీసుకుంటారు? భర్త రాయిస్టన్ నడుం పట్టేసి రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. పోనీ తను పొరబడిందేమో. బాత్రూంలో జారిపడేవాళ్లు ఉండరా? రెండు ఫోన్లు చేసింది, ఇద్దరు ఎత్తారు, రెండు పేర్లు పచ్చగా మారాయి. వాళ్లతో ఏం మాట్లాడిందో ఒక్క ముక్క గుర్తులేదు. గడియారం మూడు దాటింది. కప్పులు వేసేవాళ్లు చీకటి పడకముందే దిగిపోతారు. వాన పడితే ఇంకా ముందే. మరియన్ అతనికి చెప్పేస్తే? ఎవరో డెనీస్ అట, చెయ్యి గురించి అడిగిందట అని?

షబ్నమ్ ఆమె ముఖం చూసి టీ తెచ్చి పెట్టింది. "ఏంటే, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

"షబ్నమ్, నువ్వు ఒక పని చేస్తే ఉద్యోగం పోతుంది, చెయ్యకపోతే ఎవరికో దెబ్బ తగులుతుంది అనుకో. ఏం చేస్తావు?"

"మొదట టీ తాగుతాను," అంది షబ్నమ్. తరువాత కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించింది. "ఎవరికి?"

డెనీస్ చెప్పింది. చెబుతుంటేనే ఏం చెయ్యాలో తనకే తెలిసిపోయింది. మాట పూర్తి కాకముందే ఫోన్ తీసుకుంది. నాలుగూ ఇరవైకి పోలీసుల గృహహింస విభాగంలో ఒకమ్మాయి ఆ వివరాలన్నీ రాసుకుంది. హాలు అవతలి నుంచి నీల్ చూస్తూనే ఉన్నాడు. ఆపడానికి రాలేదు.

బుధవారం ఇన్‌స్పెక్టర్ ఫియోనా మెక్‌అలిస్టర్ ఆ వంటగదిలోనే డెనీస్ ఎదురుగా కూర్చుంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. ఆమె కూడా ఒకప్పుడు ఈ పనే చేసింది. ఫైలు ఒక్కో పేజీ తిప్పింది.

"సోమవారం సాయంత్రం పోలీసులకు చెప్పారు. మీ మేనేజర్ సంతకం లేదేం?"

డెనీస్ తలుపు వైపు చూసింది.

"ఆగమని ఎవరైనా అన్నారా?"

అబద్ధం చెప్పడం తేలిక. తొందరలో మర్చిపోయానంటే సరిపోతుంది. నీల్ తన మొదటి కేసు చేతికొచ్చి భయంతో వణికిన రోజులు ఆమెకు గుర్తే. అయినా ఇక్కడ ఒక ముక్క దాస్తే ఇంకో ముక్క దాయాలి.

"అన్నారు. శుక్రవారం దాకా," అంది. "కానీ ఆ మాట ఒక్క నీల్‌దే అని రాయకండి. ఆ కుర్చీలో ఎవరున్నా అదే అంటారు. పైవాళ్లే అలా అనేట్టు చేశారు."

ఇన్‌స్పెక్టర్ కలం ఆపి ఆమెను చూసింది. తరువాత రాసుకుంది.

బయటికొచ్చి డెనీస్ నేరుగా నీల్ దగ్గరకు వెళ్లింది. "ఆగమన్నది నువ్వేనని చెప్పేశాను. నా నోటితోనే నీకు చెబుదామని వచ్చాను."

"తెలుసు," అన్నాడు నీల్. "నా వంతు వచ్చినప్పుడు నేనే చెబుదామనుకున్నాను. అక్కడ కూర్చున్నాక చెప్పగలిగేవాణ్ణో లేదో తెలియదు."

అంతకుముందే, మంగళవారం పోలీసులు మరియన్‌ను ఆమె పనిచేసే చోటే కలిసి గ్యారీ గతం చెప్పారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా స్కార్‌బరోలో ఉన్న అక్క దగ్గరకు వెళ్లిపోయింది. గురువారం గ్యారీ ఆఫీసుకొచ్చాడు. నడుము ఎత్తు అడ్డుపలక మీదుగా వంగి అరిచాడు.

"నా ఇంటికొచ్చింది నువ్వే కదూ? నా సంసారం నాశనం చేశావు!"

హాలంతా ఇటు తిరిగింది. డెనీస్ ఎదురు కుర్చీ చూపించింది.

"కూర్చో గ్యారీ. ఒంటరిగా ఉంటున్నానని నాకు అబద్ధం చెప్పావు. దాని గురించి కోర్టుకు రాస్తున్నాను. నీతో చెప్పి మరీ రాస్తున్నాను."

అతను కుర్చీని తన్నాడు. అప్పటికే షబ్నమ్, నీల్ లేచొచ్చి డెనీస్ చెరో పక్కన నిలబడ్డారు. గ్యారీ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, తిట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. నెల తరువాత కోర్టు అతని మీద నిఘా షరతులు బిగించింది.

ఇన్‌స్పెక్టర్ల నివేదికలో ఆ ఆఫీసుకు అన్నిటికన్నా తక్కువ మార్కు వచ్చింది. కంపెనీ నీల్‌ను ఆ కుర్చీలోంచి తీసేసింది. క్రిస్మస్‌కు ముందే అతను ఉద్యోగం మానేసి, కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి లీడ్స్ వెళ్లిపోయాడు. ఒంటరిగా ఇంటికి వెళ్లినందుకు డెనీస్‌కు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. పోలీసులకు చెప్పినందుకు ఏమీ అనలేదు, అనే ధైర్యం చేయలేదు. ఆ చలికాలమంతా ఆమెకు నిద్ర సరిగా లేదు. మరియన్ మళ్లీ వెనక్కి వచ్చిందేమోనన్న ఆలోచన పీడించేది. ఫిబ్రవరిలో పోలీసు అమ్మాయి వేరే పని మీద ఫోన్ చేసి, మరియన్ స్కార్‌బరోలోనే ఏదో పనిలో కుదిరిందని చెప్పింది. చేతికి కట్టు కూడా విప్పేశారట. ఇంతకు మించి డెనీస్‌కు ఎప్పటికీ తెలియలేదు.

మూడేళ్లకు ప్రభుత్వం కంపెనీల నుంచి ఆ పని మొత్తం వెనక్కి తీసుకుంది. మెడలో కార్డులు మారాయి, గదులకు తలుపులు వచ్చాయి. కేసులు మాత్రం పెద్దగా తగ్గలేదు. మొదటిరోజు డెనీస్ చేతికి డెబ్బై ఒక్క పేర్లున్న జాబితా ఇచ్చారు. కలిసి ఎక్కువ కాలమైనవాళ్ల పేర్లు పైకి వచ్చేలా దాన్ని మార్చుకుని, మొదటి పేరు దగ్గర వేలు పెట్టి షబ్నమ్‌ను పిలిచింది.

"ఈయన్ని చూసి ఐదు నెలలైందట. వస్తావా?"

"వానొస్తోంది," అంది షబ్నమ్ కోటు తొడుక్కుంటూ. "పద."