ఇసుక కింద రెండు గొంతులు

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో తనిఖీ చేసే అమ్మాయి చేతిలోని యంత్రం నా సంచీ దగ్గర కీచుమంది. సంచీలో ఉన్నవి ఇంటి తాళాలు, పెరుగన్నం స్టీలు డబ్బా. వెనక కోచింగు పిల్లలు వీపుల మీద బరువైన బ్యాగులతో తోసుకుంటున్నారు. నాకేమో నవ్వొచ్చింది. "ఏంది మేడం, నవ్వుతున్నరు?" అంది ఆ అమ్మాయి. "దీనికన్నా మంచి చెవులున్న మనిషి మా ఇంట్లో ఉన్నారమ్మా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేంత తీరిక ఆ వరసలో ఎవరికుంటుంది? రైలెక్కి కూర్చున్నాక మాత్రం ఆ ఎడారి, అందులో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నడిచిన మా అత్తగారు కళ్ల ముందుకొచ్చేశారు.

మా అత్తగారిది కృష్ణా తీరం. పెళ్లయిన కొత్తలోనే శ్రీనగర్ కాలనీకి వచ్చి, అక్కడి ఆడపిల్లల్లో సగం మందికి సంగీతం నేర్పారు. శ్రుతి తప్పితే వంటింట్లోంచి దగ్గేవారు. ఆ దగ్గుకు భయపడి పాట మానేసినవాళ్లున్నారు, నాతో సహా. ఏ ఫ్లాట్‌లో కుక్కర్ కూసిందో, ఎవరి స్కూటర్ మలుపు తిరుగుతోందో కూర్చున్న చోటి నుంచే చెప్పేవారు. పక్కింటివాళ్ల ఫ్యాన్ చెడిపోబోతోందని ముందే హెచ్చరించి, అది నిజంగా చెడిపోయాక వాళ్ల కోపానికి గురైన చరిత్ర కూడా ఉంది. అలాంటి మనిషి రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయ్యాక మారిపోయారు. నడవొచ్చని డాక్టరు చెప్పారు. నడవనని ఆవిడ నిర్ణయించుకున్నారు. బాల్కనీలో కుర్చీ, కుర్చీ పక్కన చేతికర్ర, అదే లోకం. పిల్లలు పాఠానికి రావడం తగ్గింది. ఒకరోజు శ్రుతిపెట్టె మీద పాత తువ్వాలు కప్పేసి, "ఇక చాలమ్మాయ్. నా పని అయిపోయింది" అన్నారు. మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు అన్నారు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రోజుల్లోనే మా మరిది ఇంటికి వచ్చాడు. అతను పురావస్తు పరిశోధకుడు. పడమటి ఎడారిలో, పాకిస్తాన్ సరిహద్దుకు ఇవతల, ఒకప్పుడు ఒంటెల మీద సరుకులు మోసిన వర్తకుల దారిని వెతుకుతున్నాడు. అన్ని అనుమతులూ తీసుకుని చేసే పని. దొరికిన ప్రతిదీ ప్రభుత్వానికి అప్పజెప్పాలి. పాడైన మెటల్ డిటెక్టర్‌ను బాగు చేయించడానికి పట్టుకొచ్చాడు. దాన్ని బాగు చేసినతను ఎస్.ఆర్. నగర్‌లో ఉండే మెకానిక్, మా మరిది బృందంలోనే యంత్రాలు చూసుకుంటాడు. అతను వచ్చి యంత్రాన్ని మా హాల్లో పరీక్షిస్తుంటే, బాల్కనీలోంచి మా అత్తగారు, "ఆ మొదటి కూత ఇనుముది, రెండోది ఇత్తడిది కదూ?" అన్నారు. అతను కింద పెట్టిన వస్తువులు చూసి, మళ్లీ ఆవిడ వంక చూశాడు. "అమ్మా, మీరు చూడకుండనే ఎట్ల చెప్తున్నరు?" అన్నాడు. "చూసేదేముంది బాబూ? ఒకటి గొంతు బొంగురు, ఇంకొకటి ఖణీమంటోంది."

మర్నాడు పక్కన కట్టే బిల్డింగు ముందు ఇసుక కుప్ప దగ్గర పరీక్ష పెట్టారు. మెకానిక్ మేకులు, చెంచాలు, మా ఇంటి హారతి పళ్లెం ఇసుకలో పూడ్చాడు. అత్తగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని యంత్రాన్ని నేల మీద ఊపుతూ కుప్ప చుట్టూ తిరిగారు. ఒక్కటీ తప్పలేదు. పై అంతస్తులవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. నేను చూసింది వేరే. చేతికర్ర గోడకు ఆనించి ఉంది, ఆవిడ దాన్ని మరిచిపోయారు. మా మరిదీ అదే చూశాడేమో, "అమ్మా, నాతో రారాదూ?" అన్నాడు. మా ఆయన గాభరాపడి, "ఎడారికా? మోకాళ్ల సంగతేంటి?" అన్నారు. "మోకాళ్లు నావి కదరా" అన్నారు అత్తగారు. తోడుగా నేను బయల్దేరాను.

ఎడారంటే బొమ్మల్లో చూసినట్టు మెత్తటి ఇసుక దిబ్బలు కాదు. గట్టి నేల, ముళ్లపొదలు, ఎటు చూసినా ఒకటే రంగు. గాలి ఆగదు. అన్నంలో, పప్పులో, దువ్వెనలో, ఆఖరికి నేను భద్రంగా మూత బిగించి తెచ్చిన గోంగూరలో కూడా ఇసుక. అక్కడి కూలీలు అత్తగారిని మాసా అని పిలిచేవారు. అమ్మగారూ అన్నట్టు. ఆవిడకు వాళ్ల భాష రాదు, వాళ్లకు తెలుగు రాదు, అయినా సాయంత్రాలు వాళ్లు పాడుతుంటే తల ఊపుతూ, ఒక్కోచోట దగ్గేవారు. నేను కంగారుపడి చూస్తే వాళ్లు నవ్వి, ఆ ముక్క మళ్లీ పాడేవారు.

దొరికిందేమిటంటే, చెత్త. కంచె తీగె ముక్కలు, డబ్బా మూతలు, తుప్పు మేకులు. ఒంటెల బిడారులు అక్కడే ఒక బావి దగ్గర మజిలీ చేసేవన్నది మా మరిది నమ్మకం. దారి ఇంకా ఉత్తరంగా పోయేదని పెద్ద పండితులందరి వాదన. బావి ఆనవాలు లేదు, గడువు అయిపోవచ్చింది, అది ముగిసిన మర్నాడు పైఅధికారి వచ్చి పని ముగించమని చెప్పడం ఖాయం. మా మరిది తిండి సరిగా తినడం మానేశాడు. రాత్రి కొడుకు కంచం వైపు చూసిన అత్తగారు పొద్దున్నే లేచి హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు.

ఆ ఆఖరి రోజు మధ్యాహ్నం ఆవిడ ఒక ఎర్రజెండా దగ్గర ఆగిపోయారు. ఎర్రజెండా పాతారంటే అక్కడ చెత్త తప్ప ఏమీ లేదని అర్థం. మెకానిక్ నీళ్ల సీసా పట్టుకుని వెళ్లాడు. "గది ఇనుప తీగె అమ్మా. మొన్ననే చూసినం. వదిలెయ్యుండ్రి, ఎండ మస్తుగుంది" అన్నాడు. "బొంగురు గొంతు కింద ఇంకో గొంతుంది బాబూ. విను" అని హెడ్‌ఫోన్లు అతని చెవులకు పెట్టారు. అతను కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "నాకైతే గరగర తప్ప ఏం వినొస్తలేదమ్మా. కానీ మీరన్నరంటే ఉంటది" అని మా మరిదిని పిలిచాడు.

మా మరిది వచ్చి, విని, అలసటగా తల అడ్డంగా ఊపాడు. "అమ్మా, రెండు శబ్దాలు కలిసి వస్తే అది చెత్తే. తీగెతో పాటు ఏదో రేకు ముక్క ఉంటుంది."

"చెత్త శ్రుతిలో ఉండదురా" అన్నారు అత్తగారు. "ఇది ఉంది. ఇక్కడొకటి, జానెడు అవతల అలాంటిదే ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. తవ్వించు."

అమ్మ మాట తీసెయ్యలేక తవ్వించాడు. తాపీలతో, కుంచెలతో నెమ్మదిగా మట్టి తీశారు. ముందు తుప్పు ముద్ద ఒకటి బయటపడింది. మా మరిది భుజాలు జారిపోయాయి. మెకానిక్ మాత్రం కుంచె ఆపలేదు. తుప్పు చుట్టూ ఆకుపచ్చగా ఒక అంచు కనిపించింది. అంచు గుండ్రంగా తిరిగింది. "సార్, జర ఇటు చూడుండ్రి" అన్నాడు చిన్న గొంతుతో. అది గంట. ఒంటె మెడలో కట్టే ఇత్తడి గంట. ఆ తుప్పు ముద్ద, గంట లోపల వేలాడిన ఇనుప నాలుక. బొంగురు గొంతు నాలుకది, సన్నటి గొంతు గంటది. దాని పక్కనే మరో గంట, ఆ పక్కన మరొకటి, తాడు ఎప్పుడో మట్టిలో కలిసిపోయినా, తాడుకు గుచ్చినట్టే వరసగా.

మా మరిది ఇసుకలో చతికిలబడ్డాడు. "రెండు శబ్దాలు వచ్చిన చోటల్లా ఎర్రజెండాలు పాతించానమ్మా" అన్నాడు. "ఇంకేం, పీకించు" అన్నారు అత్తగారు. కూలీలు కేకలు వేసుకుంటూ జెండాల వైపు పరుగెత్తారు. మెకానిక్ ఆవిడ కాళ్లకు దండం పెట్టబోతే, "మోకాళ్లు తగలకుండా చూడు బాబూ" అన్నారు. అప్పుడు చూశాను, ఆవిడ కళ్లల్లో నీళ్లు. ఇసుక పడిందన్నారు. అక్కడ ఇసుకకు కొదవేముంది.

మర్నాడు వచ్చిన పైఅధికారి మధ్యాహ్నం దాకా గంటల దగ్గరే గొంతుక్కూర్చుని, వెళ్లేముందు గడువు పొడిగించాడు. ఎర్రజెండాల కింద ఇత్తడి తూకపురాళ్లు, జీనుల ఇనుప కట్లు, కొన్నాళ్లకు మట్టి పూడిన బావి రాళ్ల అంచు బయటపడ్డాయి. బిడారుల దారి మా మరిది చెప్పిన చోటే ఉంది. హైదరాబాద్ వచ్చాక కాలనీవాళ్లు శాలువా కప్పి, ఉపన్యాసాలిచ్చి, చివర్లో ఆవిణ్ణి మాట్లాడమన్నారు. "వినమన్నారు, విన్నాను" అని మైకు ఇచ్చేశారు. ఇంటికి రాగానే శ్రుతిపెట్టె మీది తువ్వాలు తీసి దులిపారు. ఆ వారమే ఇద్దరు పిల్లలు పాఠానికి వచ్చారు. ఇప్పుడు శనివారాలు ఆవిడ పంజాగుట్ట దాకా నడిచి వెళ్లి తమలపాకులు తెచ్చుకుంటారు, నన్ను ఆటోలో రమ్మంటారు.

ఆ గంటలు ఎన్ని తరాలు మౌనంగా పడున్నాయో పండితులు ఇంకా తేల్చలేదు. మా ఇంట్లో మాత్రం ఏ సంగతి చెప్పుకున్నా గంటలకు ముందు, గంటల తర్వాత అనే చెప్పుకుంటాం. గంటల తర్వాతి కాలమే ఎక్కువుండాలని మా అత్తగారి పట్టుదల.