ఏనుగు కాలి కింద పిట్టపిల్లలు

మా చిన్నప్పుడు... మెదక్‌లో మా ఇంటి ముందటి అర్రలో, దర్వాజకు ఎదురుగా ఓ పెద్ద పటం ఉండేది. కురుక్షేత్ర యుద్ధం. ఎగిరే దుమ్ము, విరిగిన రథాలు, మధ్యలో ఓ ఏనుగు... ఎత్తిన దాని కాలి కింద, గడ్డిలో, నోళ్లు తెరిచిన పిట్టపిల్లలు.

"ఏనుగు మెడల గంట కనవడ్తున్నదా బిడ్డా? అది తెగి పిల్లల మీద బోర్ల పడ్తది. లడాయి అయిపోయేదాంక గంట కిందనే సల్లగుంటయి" అని నాయినమ్మ చెప్పేది. పాపం ఎరుగని ప్రాణాలను దేవుడే కాస్తాడని ఆమె నమ్మకం.

నేనూ నమ్మేదాన్ని... సరిహద్దులో యుద్ధం మొదలయ్యేదాకా.

మా చిన్నాయన మిలిటరీలో ఉండేవాడు. మా ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటి జుబేదా చాచీ వాళ్లింటికి చేసేవాడు. ఆ వేసవిలో ఆ ఫోన్లు ఆగిపోయాయి. వార్తలు రాగానే అమ్మ టీవీ గొంతు తగ్గించేసేది. నాయినమ్మ కంచం ముందు కూర్చునేది గానీ ముద్ద ఎత్తేది కాదు. నేను పొద్దున లేవగానే పటం దగ్గరికి పరుగెత్తేదాన్ని... గంట తెగిందేమోనని.

ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"నాయినమ్మా, గంట ఇంకా పడలే గద... కాలు ముందుగాల పడితే?"

"గట్ల అనకు బిడ్డా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం గోడ అవతల నుంచి చాచీ కేక... "అమ్మా, జల్ది రాండ్రి! మీ చిన్నోడు ఫోన్ల ఉన్నడు!"

నాయినమ్మ చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తింది. రిసీవర్ చెవికి పెట్టుకుని ఏడుస్తూనే ఉంది.

చిన్నాయన సెలవు మీద వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని పటం ముందుకు లాక్కెళ్లాను. పిట్టపిల్లల్ని చూపించాను. ఆయన చూపు మాత్రం పైన ఆగింది... ఏనుగు మీది సైనికుడి దగ్గర.

"గీని ముఖం జూసినవా? మీసాలు గూడ రాలే. పిట్టపిల్లల లెక్కనే భయపడ్తుండు. గీని మీద ఏ గంట పడాలె?"

రోజూ చూసే పటంలో ఆ ముఖం నాకెప్పుడూ కనిపించనే లేదు... మా వెనకే వచ్చి నిలబడ్డ నాయినమ్మకు కూడా. ఆమె కొడుకు తల నిమిరింది. ఆ సాయంత్రం దీపం పెడుతూ, "గా పోరన్ని గూడ సూడు దేవుడా" అని గొణగడం విన్నాను.

ఇప్పుడు యుద్ధాలు నేరుగా ఫోన్‌లోకే వస్తున్నాయి. చూసేలోపే వేలు వాటిని పక్కకు తోసేస్తుంది. ఒక్క బొమ్మ ముందు రోజుల తరబడి నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం భయపడే ఆ మనసు ఎటు పోయిందో...

మీ ఇంటి గోడ మీదా అలాంటి పటం ఉండేదా? అందులో మీరు ఎవరి కోసం భయపడేవారు... చెప్పండి, వింటాను.